మార్చి ఎండలో హోవర్‌ఫ్లైలు: ఏది ఏదో గుర్తుపట్టడం

హోవర్‌ఫ్లైలను, అంటే గాలిలో ఒకేచోట నిలబడగలిగే పూల ఈగలను, గుర్తుపట్టడం నేర్చుకోవాలనుంటే జూన్ దాకా ఆగకండి. బ్రిటన్‌లో ఇవి 280 జాతులకు పైనే ఉన్నాయి. జూన్‌లో ఏ హాగ్‌వీడ్ పూగుత్తి దగ్గర నిలబడ్డా పది రకాలు ఒక్కసారే వాలి ఉంటాయి. వాటిలో సగం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అరగంటలో విసుగొచ్చి ఇంటిదారి పడతాం. అదే ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా అయితే ఎగిరేవీ కొన్నే, పూసేవీ కొన్నే. ఎక్కడ చూడాలి, ఏం చూడాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు తేలిక. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: మార్చిలో మొదలుపెట్టి ఆరేడు రకాలు కంటికి అలవాటు చేసుకోండి. ఆ తర్వాత కొత్తది కనిపిస్తే అది కొత్తదని మీకే తెలిసిపోతుంది.

నేనుండేది రెడింగ్‌లో, ఉద్యోగం ఫార్మసీలో. సెలవు రోజు ఎండ కాస్తే కెనెట్ నది గట్టున విల్లో చెట్ల కిందో, మా అలాట్‌మెంట్‌లోనో (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకు తీసుకునే చిన్న మడి) ఉంటాను. కాబట్టి ఇక్కడ రాసే నెలలు ఇంగ్లండ్ దక్షిణాదివి. స్కాట్లండ్ వైపు ఉన్నవాళ్లు రెండు మూడు వారాలు కలుపుకోండి. వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇవి మరీ కొత్తవేం కావు. మన దగ్గర మిత్ర పురుగుల గురించి చెప్పేటప్పుడు అక్షింతల పురుగు తర్వాత సిర్ఫిడ్ ఈగ అంటారే, అదే కుటుంబం.

ఎండ, గాలి, గోడ

పది డిగ్రీలు దాటాలి, ఎండ ఉండాలి, గాలి ఉండకూడదు. నన్నడిగితే ఈ మూడింట్లో గాలిదే పెద్ద పెత్తనం. పద్నాలుగు డిగ్రీలున్నా గాలి కొడుతుంటే ఒక్కటీ బయటికి రాదు. ఎనిమిదే ఉన్నా, గాలి తగలని గోడ ఎండకు వెచ్చబడితే దాని మీద ఏదో ఒకటి రెక్కలు పరుచుకుని కూర్చునుంటుంది. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మంచి వేళ. దక్షిణం వైపు తిరిగిన ఇటుక గోడలు, చెక్క కంచెలు, కంచె మీద అల్లుకున్న ఐవీ ఆకులు చూడండి. మా వీధిలో అయితే చెత్తబిన్నుల మూతలు కూడా. నల్లటి మూత త్వరగా వేడెక్కుతుంది కదా, డ్రోన్ ఫ్లైలకు (తేనెటీగలా కనిపించే హోవర్‌ఫ్లైలు) అదంటే మహా ఇష్టం. బిన్ను ముందు వంగి చూస్తున్న మనిషి గురించి పక్కింటివాళ్లు ఏమనుకుంటారో నేను పట్టించుకోవడం మానేశాను.

పూల విషయానికొస్తే జనవరి, ఫిబ్రవరిలో తోటల్లోని మహోనియా, వింటర్ హెదర్, హెలెబోర్, క్రోకస్. మార్చిలో లెసర్ సెలండైన్, డాండిలయన్, చెర్రీ ప్లమ్, ఆ వెనకే బ్లాక్‌థార్న్. వీటన్నిటికన్నా మీకు దొరకాల్సింది గోట్ విల్లో చెట్టు. ఆకులు రాకముందే కొమ్మల నిండా బూడిదరంగు నూగు మొగ్గలు వస్తాయి, అవి విచ్చుకుని కంకులవుతాయి. మగచెట్టు కంకులు పుప్పొడితో పచ్చటి పసుపుగా మెరుస్తాయి, ఆడచెట్టువి ఆకుపచ్చగా ఉంటాయి. మకరందం రెండిట్లోనూ ఉంటుంది కానీ ఈగల హడావిడి మగచెట్టు దగ్గరే ఎక్కువ. నది గట్టున, రైల్వే లైన్ల పక్కన, పాడుబడ్డ స్థలాల్లో ఇది తనంతట తానే మొలుస్తుంది. చెట్టు చుట్టూ తిరిగి, ఎండ పడుతూ గాలి చాటుగా, మీ తల ఎత్తులో ఉన్న కొమ్మ ఒకటి చూసుకుని దాని ముందే పావుగంట నిలబడండి. పది చెట్లు తిరిగితే కనిపించేదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. పైకొమ్మలకు బైనాక్యులర్స్ ఉంటే మంచిది, చిన్నవైనా చాలు.

మీ నీడ మాత్రం ఈగ మీద పడనివ్వకండి. నీడ పడిందా, లేచిపోతుంది.

ముందు అది ఈగేనా?

హోవర్‌ఫ్లైల వేషమంతా తేనెటీగలా, కందిరీగలా, తుమ్మెదలా కనిపించడమే. కుట్టవు, కరవవు, కుట్టే జీవాల రంగులు పూసుకుని బతికేస్తాయి. కాబట్టి రంగుతో మొదలుపెడితే మోసపోతారు. మొదట కళ్లు, మీసాలు చూడండి. తేనెటీగ మీసాలు పొడుగ్గా, మోచేతిలా వంగి, దూరం నుంచే కనిపిస్తాయి. హోవర్‌ఫ్లైవి ముఖానికి అతుక్కున్న చిన్న ముక్కలు, వెతికితే గానీ కనబడవు. తలలో ఎక్కువ భాగం కళ్లే. తేనెటీగ కళ్లు తలకు రెండు పక్కలా సన్నగా నిలువుగా ఉంటాయి. వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు అంటుకుని ఉంటే అది తేనెటీగో బంబుల్‌బీనో, ఇక ఆలోచించక్కర్లేదు.

ఆ తర్వాత రెక్కలు. ఈగలకు ఒక జతే, తేనెటీగలకు, కందిరీగలకు రెండు జతలు. అయితే తేనెటీగ కూర్చున్నప్పుడు ముందు రెక్కా వెనక రెక్కా కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయి. కాబట్టి బయట నిలబడి రెక్కలు లెక్కపెట్టడం అంత లాభసాటి పని కాదు, ఫోటో తీసి పెద్దది చేసి చూసుకోండి. ఆ ఫోటోలోనే మరో రెండు చూడొచ్చు. మామూలు ఈగ రెక్కలో ఈనెలు అంచు దాకా వెళ్లి ఆగుతాయి. హోవర్‌ఫ్లై రెక్కలో బయటి ఈనెలు అంచుకు కొంచెం ముందే మలుపు తిరిగి, అంచుకు సమాంతరంగా పోతాయి. చూడ్డానికి లోపల ఇంకో అంచు ఉన్నట్టుంటుంది. రెక్క మధ్యలో పొడుగునా ఒక మసక గీత కూడా ఉంటుంది. అది ఏ ఈనెతోనూ సరిగ్గా కలవదు, అడ్డంగా ఉన్న ఈనెను దాటుకుని తన దారిన పోతుంది. ఈ రెండూ కనిపిస్తే హోవర్‌ఫ్లైయే.

మార్చిలో కొత్తవాళ్లను పక్కదారి పట్టించేది బీ ఫ్లై, బాంబీలియస్ మేజర్. గోధుమరంగు నూగుతో గుండ్రంగా ఉంటుంది, ముఖం ముందు సూదిలాంటి పొడుగాటి తొండం, రెక్కల ముందు సగం ముదురు గోధుమ. ప్రిమ్‌రోజ్ ముందు కాళ్లు వేలాడేసుకుని గాలిలో నిలబడి తాగుతుంది. నిలబడుతోంది కదా అని హోవర్‌ఫ్లై ఖాతాలో వేసేస్తారు. దాని కుటుంబమే వేరు. దాని పిల్లలు ఒంటరి తేనెటీగల గూళ్లలో పరాన్నజీవులుగా పెరుగుతాయి.

ఆడా మగా తేల్చడం చాలావరకు తేలిక. నెత్తి మీద రెండు కళ్లూ కలిసి ఉంటే మగది, మధ్యలో ఖాళీ ఉంటే ఆడది. హెలోఫైలస్ లాంటి కొన్నింట్లో మగవాటికీ ఖాళీ ఉంటుంది కానీ అవి ఏప్రిల్, మే తర్వాతి సంగతి. మార్చిలో ఈ కళ్ల లెక్క ఊరికే తెలుసుకోవడానికి కాదు, జాతిని తేల్చడానికే పనికొస్తుంది. ఎలాగో వెంటనే చెబుతాను.

రెండు డ్రోన్ ఫ్లైలు

ఏడాదిలో మీకు మొదట కనిపించేది బహుశా ఎరిస్టాలిస్ టెనాక్స్, మామూలు డ్రోన్ ఫ్లై. తేనెటీగంత పరిమాణం, గోధుమ, నలుపు, పొట్ట మీద నారింజ మచ్చలు. ఒకదానికి మచ్చలు పెద్దవి, మరోదానికి దాదాపు ఉండవు, కాబట్టి మచ్చలను నమ్ముకోవద్దు. శరదృతువులో జతకట్టిన ఆడవి గోడ పగుళ్లలో, షెడ్లలో, గుహల్లో దాక్కుని చలికాలం గడుపుతాయి. మగవి చలికాలం దాటవు. అందుకే జనవరిలో ఎండ కాసిన రోజు గోడ మీద కనిపించేది ఆడదే అయ్యుంటుంది, కళ్ల మధ్య ఖాళీతో.

దగ్గరికెళ్లి కళ్లు చూడండి. ప్రతి కంటి మీదా ముదురు నూగు నిలువు పట్టీలుగా ఉంటుంది. వెలుతురు పక్కనుంచి పడితే బాగా తేలుతుంది. ఫోన్‌కు తగిలించే చిన్న మాక్రో లెన్సుతో కూడా దొరుకుతుంది. బ్రిటన్‌లోని ఎరిస్టాలిస్‌లలో టెనాక్స్‌కు తిరుగులేని గుర్తు అదే. రెండో గుర్తు వెనక కాలి పిక్క. వంగి, లావుగా, నల్లటి వెంట్రుకలతో బరువుగా కనిపిస్తుంది. ఎగిరేటప్పుడు ఆ కాళ్లు కిందికి వేలాడతాయి, దానివల్ల కూడా తేనెటీగ పోలిక ఎక్కువవుతుంది. ముఖం మీద మధ్యలో వెడల్పాటి నల్ల పట్టీ.

మార్చి నడుమకు వచ్చేసరికి ఎరిస్టాలిస్ పెర్టినాక్స్ దిగుతుంది. కళ్ల మీద పట్టీలు ఉండవు. ముందు కాళ్లు, మధ్య కాళ్ల పాదాలు పసుపు. కూర్చున్నప్పుడు ముందు నుంచి చూస్తే ఆ పసుపు ఇట్టే తెలుస్తుంది. మగదాని పొట్ట కొసకు సన్నబడుతూ పోయి దాదాపు త్రికోణంలా ఉంటుంది. చలికాలం పెద్ద ఈగగా దాక్కునేది ఇది కాదు, వసంతంలో ప్యూపా (పురుగు ఈగగా మారే దశ) నుంచి కొత్తగా బయటికొస్తుంది. కాబట్టి మార్చిలో కళ్లు కలిసిన మగ ఎరిస్టాలిస్ ఒకటి దారి మీద మనిషెత్తులో గాలిలో నిలబడి, అటుగా వచ్చిన ప్రతిదాన్నీ తరిమి మళ్లీ అదే చోటికి వస్తుంటే ముందు పెర్టినాక్స్‌నే అనుమానించండి, తర్వాత పాదాలు చూసి ఖాయం చేసుకోండి. గాలిలో ఒక చోటు పట్టుకుని దాన్ని సొంత ఆస్తిలా కాపలా కాస్తుంది. చేతిలో చిన్న రాయి ఎగరేస్తే దాని వెంట కూడా పడుతుంది, కావాలంటే చూడండి.

ఎరిస్టాలిస్ ఏదైనా రెక్కలో ఒక గుర్తు ఉంటుంది. రెక్క పైభాగంలో పోయే ఈనె ఒకటి మధ్యలో హఠాత్తుగా కిందికి లోతుగా దిగి మళ్లీ పైకి లేస్తుంది. తేనెటీగలా ఉందే, డ్రోన్ ఫ్లైయేనా అని సందేహం వస్తే ఈ వంపు చూస్తే చాలు.

టెనాక్స్ పిల్లలు కుళ్లిన, మురిగిన నీళ్లలో పెరుగుతాయి, ఊపిరి తీసుకోవడానికి పొడుగాటి తోక గొట్టం పైకి పెట్టుకుని. దీనికో పాత కథ ముడిపడి ఉంది. ఇంగ్లండ్ వంటిళ్లలో ఉండే గోల్డెన్ సిరప్ పాత డబ్బా మీద చచ్చిన సింహం, దాని చుట్టూ తేనెటీగలు ఉంటాయి. బైబిల్లో సంసోను కథ అది. చచ్చిన ఎద్దు నుంచి తేనెటీగలు పుడతాయని ప్రాచీనులు నిజంగానే నమ్మేవారు. వాళ్లు చూసింది తేనెటీగలను కాదు, ఈ డ్రోన్ ఫ్లైలనే అని ఓస్టెన్-సాకెన్ అనే కీటక శాస్త్రవేత్త 1894లో వాదించాడు. కుళ్లు రసంలో పెరిగి, తేనెటీగ వేషంలో బయటికొచ్చే జీవి ఇంకేముంటుంది చెప్పండి. నాకైతే ఆ వాదన నచ్చింది. ఆ డబ్బా ఇంట్లో ఉన్నప్పుడల్లా పిల్లలకు సింహం కన్నా ముందు ఈగల గురించి చెబుతాను.

మార్మలేడ్, దాని పక్కన తిరిగేవి

ఎపిసిర్ఫస్ బాల్టియాటస్, ఇక్కడివాళ్ల మార్మలేడ్ హోవర్‌ఫ్లై. ఒక్కటే నేర్చుకుంటాం అంటే ఇది నేర్చుకోండి. సన్నగా, ఒక సెంటీమీటరు పొడుగు, పొట్ట నారింజ. పొట్ట మీద మూడో, నాలుగో ఖండాల్లో రెండేసి నల్ల పట్టీలుంటాయి, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. చీరకు పెద్ద అంచు, దాని పైన విడిగా ఇంకో సన్నటి గీత ఉంటే ఎలా ఉంటుందో అలా. ఈ జంట పట్టీల ఏర్పాటు బ్రిటన్‌లో మరే హోవర్‌ఫ్లైకీ లేదు. వసంతంలో ఒక చిక్కుంది. ఇది ప్యూపాగా ఉన్నప్పుడు చలి ఎక్కువైతే పెద్ద ఈగ ముదురు రంగులో వస్తుంది. మార్చిలో కనిపించేవాటిలో కొన్ని నారింజ తగ్గిపోయి, పట్టీలు ఒకదాన్నొకటి తాకుతూ, దాదాపు నల్లగా ఉంటాయి. రంగు చూసి ఇది వేరే జాతి అనుకోకండి, సన్న పట్టీ కోసం వెతకండి.

కొన్ని ఆడవి ఇక్కడే ఐవీ పొదల్లో చలికాలం గడుపుతాయి, మరికొన్ని యూరప్ నుంచి సముద్రం దాటి వస్తాయి. దక్షిణ బ్రిటన్ మీదుగా ఏటా ఇలా వచ్చీపోయే వలస హోవర్‌ఫ్లైలు 400 కోట్ల దాకా ఉండొచ్చని రాడార్‌తో లెక్కగట్టారు. 2019లో ఆ లెక్క చదివాక నేను బీచి గాలిలో ఈగను చూసే చూపే మారిపోయింది.

మార్మలేడ్ మన దేశంలోనూ ఉంది. గుంటూరు దగ్గర మా అన్నయ్యకు ఫోటో పంపితే, "ఇది మన ధనియాల చేలో తిరిగేదే కదమ్మా, దీని కోసం లండన్ దాకా పోవాలా?" అన్నాడు. ఆయనకు నేను ఎక్కడున్నా లండనే. రుజువుకని తన చేను నుంచి ఆయనో ఫోటో పంపాడు. అందులోది ఇది కాదు, దాని దాయాది ఇష్కియోడాన్ స్కుటెల్లారిస్. వీపుకు రెండు పక్కలా కొట్టొచ్చినట్టు పసుపు చార, పొట్ట మీద సన్న పట్టీ లేదు. రెండింటి పిల్లలూ పేనుబంకను తినేవే కాబట్టి అన్నయ్యకు ఆ తేడాతో పని లేదు, నాకే పని.

యూపియోడెస్ లూనిజర్ కూడా మార్చిలోనే మొదలవుతుంది. నల్లటి పొట్ట మీద జంటలుగా పసుపు మచ్చలు, ఒక్కోటి కామా ఆకారంలో. దీనికి అచ్చు ఇలాగే ఉండే యూపియోడెస్ కొరోల్లే ఒకటుంది, అది వేసవిలో ఎక్కువ. కామా బయటి కొస పొట్ట అంచు దాకా పోయి పక్కకు దిగితే కొరోల్లే. అంచుకు ముందే ఆగిపోతే, అంచు నల్లగా మిగిలితే లూనిజర్. ఇందుకోసం పై నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో ఉండాలి.

నల్లటి, పసుపు పట్టీలు వెడల్పుగా, కందిరీగలా ఉంటే సిర్ఫస్ జాతులు. ఏప్రిల్‌లో ఎక్కువవుతాయి, మార్చి చివర కూడా దొరుకుతాయి. ఇక్కడ మాత్రం దురాశ వద్దు. ఆడది అయితే వెనక కాలి తొడ చూడండి. మొత్తం పసుపైతే సిర్ఫస్ రిబెసీ. తొడ చాలామటుకు నలుపైతే విట్రిపెన్నిస్ గానీ టార్వస్ గానీ. టార్వస్ మగదానికి కళ్ల మీద నూగు ఉంటుంది. వసంతం మొదట్లో అది కాస్త ముందే కనిపిస్తుంది. రిబెసీ, విట్రిపెన్నిస్ మగవాటిని విడదీయాలంటే రెక్కలో ఒక గదిలోని సూక్ష్మమైన నూగును మైక్రోస్కోప్ కింద చూడాలి. ఫోటోలో అది పడదు. పడిందని చెప్పేవాళ్లను నేను నమ్మను. మగది దొరికితే "సిర్ఫస్" అని రాసుకుని పక్కన పెట్టేయండి.

చిన్నగా, సన్నగా, నల్లటి పొట్ట మీద బూడిద, వెండి రంగు మచ్చలతో డాండిలయన్ మీదో సెలండైన్ మీదో వాలేది ప్లాటికైరస్ ఆల్బిమానస్ అయ్యే అవకాశం ఎక్కువ. తోటల్లో ఇది మామూలే. మచ్చలు పసుపైతే ఇంకేదో.

విల్లో చెట్టు దగ్గర దొరికే సరుకు

పైవన్నీ తోటలో కూర్చుని చూడొచ్చు. విల్లో చెట్టు దగ్గరికి వెళ్లేది మరో రకాల కోసం. వసంతం దాటితే మళ్లీ ఏడాది దాకా దొరకనివి ఇక్కడుంటాయి.

మెలాంజినా లాసియోఫ్తాల్మా ఒకటి. సిర్ఫస్‌కన్నా చిన్నది, వీపు మెరవదు, దుమ్ము పట్టినట్టు మసకగా ఉంటుంది, కళ్ల మీద నూగు, పొట్ట మీద జంట పసుపు మచ్చలు. మార్చిలో విల్లో మీద పసుపు మచ్చల ఈగ కనిపిస్తే ముందు ఇదేమో అని చూడండి. బ్లాక్‌థార్న్ పూసినప్పుడు దాని మీదికి మారుతుంది.

కైలోసియా గ్రాస్సా ఇంకొకటి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, చాలామంది తల పైకెత్తకపోవడం వల్ల దీన్ని చూడకుండానే వెళ్లిపోతారు. కైలోసియాలు చాలావరకు నల్లగా, ముఖం చూసి పేరు పెట్టలేని రకాలు. ఇది మాత్రం ఒంటినిండా నక్క రంగు నూగుతో, నారింజ పిక్కలతో కాస్త పెద్దగా ఉంటుంది. మగవి పూసిన విల్లో పక్కన మన తల మీద మూడు, నాలుగు మీటర్ల ఎత్తులో, కొమ్మల మధ్య ఖాళీలో, కదలకుండా గాలిలో నిలబడతాయి. సన్నటి రొద వినిపిస్తే పైకి చూడండి. ఆకాశానికి ఎదురుగా నల్లటి చుక్క కనిపిస్తుంది, అంతే. బైనాక్యులర్స్‌తో చూస్తే అంచుల్లో నూగు ఎండకు బంగారంలా వెలుగుతుంది. ఆడవి ఎండెక్కాక కిందికి, కంకుల మీదికీ డాండిలయన్ల మీదికీ వస్తాయి. ఫోటో తీయాలంటే వాటి కోసం ఆగడమే. దీని పిల్లలు థిసిల్ ముళ్లమొక్కల కాండం మొదట్లో పెరుగుతాయి, కాబట్టి తడి మైదానంలో థిసిల్స్, పక్కనే విల్లో ఉన్న చోటు చూసుకోండి. దీనికి దగ్గరి పోలికతో కైలోసియా ఆల్బిపైలా ఉంది, అదీ ఇదే కాలంలో విల్లో మీదే. గాలిలో ఉన్నదాని ఫోటోతో రెండింటినీ విడదీసే ప్రయత్నం చేయకండి.

పాత చెట్లున్న అడవి దగ్గర్లో ఉంటే క్రియోరైనా రానంకులై కోసం చూడొచ్చు. బంబుల్‌బీ వేషం దీనిది. తోక కొన్నిట్లో తెలుపు, కొన్నిట్లో ఎరుపు. వెనక తొడలు లావు. బర్చ్, బీచ్ చెట్ల కుళ్లిన వేళ్లలో పుడుతుంది, ఆడవి చెట్టు మొదళ్ల దగ్గర తచ్చాడుతుంటాయి. విల్లో పైకొమ్మలకే వెళుతుంది కాబట్టి బైనాక్యులర్స్ లేకుండా కష్టం. బంబుల్‌బీ పోలికే ఉన్న ఇంకోటి ఎరిస్టాలిస్ ఇంట్రికారియా, ఇది కిందే పూల మీద దొరుకుతుంది. తోక తెలుపు, వీపు చివర ఉండే చిన్న అర్ధచంద్రాకారపు పలక మీద నూగు కూడా లేత రంగు. రెక్కలో ఎరిస్టాలిస్ వంపు ఉండనే ఉంటుంది.

ఏప్రిల్‌లో దిగేవి ఇక వేగంగా చెప్పేస్తాను. కంచు రంగు వీపు, పొట్ట రెండో ఖండం మీద నారింజ త్రికోణాలు ఉంటే ఎపిస్ట్రోఫీ ఎలిగన్స్. ముఖం ముందుకు ముక్కులా సాగి, పొట్ట నారింజగా ఉంటే రింజియా కాంపెస్ట్రిస్, ఆవుపేడలో పుడుతుంది. ఏప్రిల్ చివర డాఫోడిల్స్ దగ్గర బొద్దుగా, రకరకాల బంబుల్‌బీ రంగుల్లో, వెనక తొడ కింద త్రికోణపు మొనతో కనిపించేది మెరోడాన్ ఈక్వెస్ట్రిస్. దాని పిల్లలు డాఫోడిల్ దుంపల్ని తింటాయి, అందుకే తోటమాలులకు అదంటే మంట.

ఫోటో, డబ్బా, రికార్డు

ఒక్క ఫోటోతో పేరు అడిగేవాళ్లే ఎక్కువ. నాలుగు కావాలి. నేరుగా పై నుంచి ఒకటి, అందులో పొట్ట మచ్చలు, కళ్ల మధ్య దూరం రెండూ పడతాయి. పక్క నుంచి ఒకటి, కాళ్ల రంగులకు. ముందు నుంచి ఒకటి, ముఖం మీద పట్టీ ఉందా, ముఖం పసుపా నలుపా తేలడానికి. రెక్క ఒకటి. మొదటిది దూరం నుంచే తీసేయండి, ఈగ ఎగిరిపోయినా అది మిగులుతుంది. తర్వాత మెల్లగా దగ్గరికి జరగండి. గోడ మీద ఎండ కాగుతున్నది, పూలమీద తింటున్నది ఓపిక చేస్తాయి. గాలిలో నిలబడ్డదాన్ని ఫోన్‌తో తీయాలని మధ్యాహ్నమంతా వృథా చేసుకోకండి.

ఎంతకీ కూర్చోకపోతే డబ్బా. ఫార్మసీలో యూరిన్ శాంపిల్‌కు ఇచ్చే పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ డబ్బా దీనికి బంగారం (కొత్తదే లెండి). కింద డబ్బా, పైన మూత పట్టుకుని పువ్వుకు రెండు పక్కల నుంచి మూసేయడమే. పది రెట్లు చూపే చేతి భూతద్దంతో కళ్ల నూగు, పాదాల రంగు అక్కడే చూసుకుని వదిలేయొచ్చు. లోపల మరీ గంతులేస్తుంటే ఫ్రిజ్‌లో నాలుగైదు నిమిషాలు ఉంచితే నెమ్మదిస్తుంది. ఫ్రీజర్‌లో కాదు. పెరుగు గిన్నె పక్కన ఈగ డబ్బా చూసి మా ఆయన ఓసారి రాద్ధాంతం చేశారు, అప్పట్నుంచి కింది అరలో వెనక్కి పెడుతున్నాను. తెరిచాక ఎండలో పెట్టండి, రెండు నిమిషాల్లో లేచి వెళ్లిపోతుంది.

చూసింది రాసి పంపండి. బ్రిటన్‌లో హోవర్‌ఫ్లై రికార్డింగ్ స్కీమ్ 1976 నుంచి నడుస్తోంది, ఐరికార్డ్ అనే వెబ్‌సైట్‌లో ఫోటోతో సహా పెడితే నిపుణులు సరిచూస్తారు. నాలుగు వివరాలు లేకపోతే ఆ రికార్డుకు విలువ లేదు: ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ఎక్కడ అన్నదానికి "రెడింగ్" అని రాస్తే చాలదు, గ్రిడ్ రెఫరెన్స్ (మ్యాప్‌లో ఆ చోటున్న గడి గుర్తు) రాయాలి. మా ఊరి నడిబొడ్డు ఎస్‌యూ 71 73లో వస్తుంది, మీ చోటు ఇంకా చిన్న గడి దాకా రాయండి. ఏ పువ్వు మీద ఉందో, మగదో ఆడదో కూడా చేర్చండి. మామూలుదే కదా అని మార్మలేడ్‌ను, టెనాక్స్‌ను వదిలేయకండి. జనవరిలో మొదటి టెనాక్స్ ఏ రోజు కనిపించింది, ఎలిగన్స్ ఏటా ఎంత ముందుకు జరుగుతోంది అన్నవి ఇలాంటి మామూలు రికార్డులు పోగుపడితేనే తెలుస్తాయి.

డ్రోన్ ఫ్లైలు మీ పెరట్లోనే పుట్టాలంటే ఒక పాత బకెట్ చాలు. కోసిన గడ్డి గానీ రాలిన ఆకులు గానీ సగానికి పైగా నింపి, మునిగేదాకా నీళ్లు పోసి, నీడలో వదిలేయండి. ససెక్స్ యూనివర్సిటీ వాళ్ల బజ్ క్లబ్ జనం చేత ఇలాంటివి పెట్టించింది, హోవర్‌ఫ్లై లగూన్స్ అంటారు. బాగా ఎదిగిన పురుగులు పొడిచోటు వెతుక్కుంటూ బయటికి పాకుతాయి, కాబట్టి రెండు మూడు కర్రపుల్లలు నీళ్లలోంచి అంచు మీదికి ఆనించి, బకెట్ చుట్టూ ఎండుటాకులు పోయండి. వర్షం లేకపోతే నీళ్లు తగ్గకుండా చూసుకోండి. వంటింటి కిటికీ కింద మాత్రం పెట్టకండి, రెండు వారాలకు కంపు మొదలవుతుంది.